చేతికి తగ్గ గిటారు



వంటలూ, కుట్లూ, పిల్లల పెంపకమూ మాట్లాడుకునే చోట ఈవిడ గిటారు గోల మొదలుపెట్టిందేమిటా అని ఆశ్చర్యపోతున్నారేమో! గిటారు ఎలా వాయించాలో చెప్పగలిగే దాన్ని కాదు లెండి. మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఈ వెతుకులాటలోకి దింపింది. ముందు అది చెప్తాను.

మా చెల్లెలి కూతురు మా ఇంట్లో ఉండి కాలేజీలో చదువుకుంటోంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. మనిషి పొట్టి. నా భుజం దాకా వస్తుందేమో, అంతే. పండగలకీ పుట్టినరోజులకీ చేతిలో పడ్డ డబ్బంతా రెండేళ్ళపాటు దాచుకుని గిటారు కొనుక్కుంది. ఇంటికి తెచ్చిన రోజున దానికి బొట్టు పెట్టి హారతి ఇచ్చినంత పని చేశాం. తీరా ఒళ్ళో పెట్టుకుంటే ఏముంది, ఆ పెద్ద పెట్టె వెనకాల పిల్ల కనిపిస్తేనా! కుడిచెయ్యి పెట్టె మీదుగా తీగల దగ్గరికి తెచ్చేసరికి భుజం చెవి దాకా లేచేది. ఎడమచెయ్యి పూర్తిగా చాపితే గానీ మెడ చివరి మెట్లు అందేవి కావు. నెల తిరిగేసరికి గిటారు నేర్చుకోవడం మాట ఎలా ఉన్నా, రోజూ సాయంత్రం భుజానికి అమృతాంజనం రాయడం మాత్రం మాకు అలవాటైంది.

కొన్న షాపుకే తీసుకెళ్ళి అడిగాం. ఆయన పాపం మర్యాదగానే చెప్పాడు. "ఆడపిల్లల చేతులు చిన్నవమ్మా. గిటారు వాళ్ళకి కష్టమే. కావాలంటే ఉకులేలే తీసుకెళ్ళండి" అన్నాడు.

ఇంటికొచ్చాక నేను కూడా, "పోనీలేవే, నీ చేతులు చిన్నవే. అందే దాంతోనే సరిపెట్టుకో" అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడకుండా గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగేసింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎందుకంటే నేనన్న మాట నాది కాదు. నా పదో ఏట నేను విన్న మాట అది.

మా అమ్మకి ఒక వీణ ఉండేది. దాని మీద నాకు పాఠాలు పెట్టించారు. వీణకు 24 మెట్లుంటాయని మీకు తెలుసు. యాళి ముఖం దగ్గరి మెట్ల దాకా నా చెయ్యి అందేది కాదు. అందుకోవాలని ఒంగితే, "నిటారుగా కూర్చో" అని మాస్టారు గదమాయించేవారు. ఆరు నెలలయ్యాక మా నాన్నగారితో, "చెయ్యి చిన్నదండీ, ఈ అమ్మాయికి వీణ రాదు" అనేశారు. అంతే. వీణకి గవిసెన తొడిగి గోడవారన పెట్టేశారు. తర్వాత మా అక్క పెళ్ళి ఖర్చుల్లో అమ్మేశారు. నాకు సంగీతం రాదని ముప్ఫయ్యేళ్ళకు పైగా నమ్ముతూ వచ్చాను. పదేళ్ళ పిల్ల చెయ్యి ఎదుగుతుంది కదా అన్న ఆలోచన ఆనాడు పెద్దవాళ్ళకెవరికీ తోచలేదు. నాకైనా తోచిందా, ఇన్నేళ్ళలో!

తెల్లారి లేచాక, అసలు గిటారు ఇంత పెద్దదిగానే ఉండాలని ఎవరు నిర్ణయించారన్న అనుమానం వచ్చింది. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. అయినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకున్నాను, నిఘంటువు ప్రక్కన పెట్టుకుని చదివాను. చదువుతున్నకొద్దీ కోపం, నవ్వు రెండూ వచ్చాయి. ఆ కథే ఇవాళ మీతో చెప్పాలని.

పుట్టినప్పుడు చిట్టిది

16వ శతాబ్దంలో స్పెయిన్, ఫ్రాన్సు దేశాల్లో గిటారనే పేరుతో వాయించినది నాలుగు జతల తీగలున్న చిన్న వాయిద్యం. తర్వాత అయిదు జతలైంది. 18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి జతలు పోయి ఆరు ఒంటి తీగలు వచ్చాయి. ఇప్పుడు మనం చూసే ఆరు తీగల గిటారు ఆ కాలంనాటి ఏర్పాటే. అప్పటి తీగలు ఉక్కువి కావు, గొర్రె పేగులతో పేనినవి. పెట్టె సన్నగా, తేలిగ్గా ఉండేది. నడుము బాగా నొక్కినట్టుండి, క్రిందిభాగం వెడల్పు సుమారు 12 అంగుళాలు, అంటే మన పిల్లల స్కేలంత ఉండేది. ఒళ్ళో పెట్టుకుంటే ఒదిగి కూర్చునేది.

లండన్‌లో జరిగిన ఒక తమాషా చెప్పాలి. 18వ శతాబ్దం మధ్యలో అక్కడి గొప్పింటి ఆడవాళ్ళకు గిటారు పిచ్చి పట్టింది. అది ఇప్పటి గిటారు కాదు, దానికి దూరపు చుట్టంలాంటిది. లోహపు తీగలున్న చిన్న వాయిద్యం. ఆ మోజులో ఇంట్లోని హార్ప్సికార్డులను, అంటే పియానోకి ముందు తరం వాయిద్యాలను, అయినకాడికి అమ్మేసుకున్నారట. వాటిని తయారుచేసే కర్క్‌మన్ అనే ఆయనకు బేరాలు పడిపోయాయి. ఆయనేం చేశాడో తెలుసా? అమ్ముడుపోతున్న హార్ప్సికార్డులను చవగ్గా కొని దాచాడు. ఇంకోవైపు చవకరకం గిటార్లు కొని, టోపీలు కుట్టే షాపుల్లోని అమ్మాయిలకూ, వీధుల్లో పాడుకునేవాళ్ళకూ ఊరికే పంచిపెట్టాడు. రెండు మూడు వరసలు వాయించడం నేర్పాడు కూడా. షాపుల్లో పనిచేసేవాళ్ళ చేతుల్లో అదే గిటారు చూసేసరికి గొప్పింటి ఆడవాళ్ళకు నామోషీ వేసింది. మళ్ళీ హార్ప్సికార్డుల కోసం కర్క్‌మన్ దగ్గరికే పరుగెత్తారు! చార్లెస్ బర్నీ అనే సంగీత చరిత్రకారుడు చెప్పిన కథ ఇది. పట్టుచీరల మోజులో మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం!

19వ శతాబ్దంలో అసలు గిటారుకే యూరపులో, అమెరికాలో మంచి రోజులొచ్చాయి. అక్కడ మధ్యతరగతి ఇళ్ళల్లో అతిథుల్ని కూర్చోబెట్టే ముందుగదిని పార్లర్ అనేవారు. మనకు పార్లర్ అంటే బ్యూటీ పార్లరే గుర్తొస్తుంది గానీ, వాళ్ళకది మన సావిడిలాంటిది. ఆ గదిలో వాయించుకునే చిన్న గిటార్లకు తర్వాతి రోజుల్లో పార్లర్ గిటార్లనే పేరు స్థిరపడింది. ఆడపిల్ల ఏ వాయిద్యం వాయించాలన్న దాని మీద అక్కడా బోలెడు ఆంక్షలుండేవి. పిల్లనగ్రోవి ఊదితే మూతి వంకరపోతుందనీ, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే చెల్లో ఆడవాళ్ళకు మర్యాద కాదనీ అనేవారు. పియానో, హార్పు, గిటారు మాత్రం ఫరవాలేదు. పెళ్ళిచూపుల్లో ఒక పాట పాడమ్మా అని మనవాళ్ళు అడిగినట్టే, అక్కడా వచ్చినవాళ్ళ ముందు అమ్మాయిచేత వాయించేవారు.

అలాంటి కాలంలో ఒకావిడ ఈ వాయిద్యంతోనే తన కాళ్ళ మీద తాను నిలబడింది. ఆమె పేరు కాథరీనా పెల్జర్. జర్మనీలో పుట్టింది. తండ్రి గిటారు గురువు. పసితనంలోనే లండన్‌లో కచేరీలు చేసింది. మరీ చిన్నపిల్ల కావడంతో జనానికి కనబడేందుకు బల్లమీద కూర్చోబెట్టేవారట. 1854లో సిడ్నీ ప్రాటెన్ అనే ఫ్లూటు విద్వాంసుణ్ణి పెళ్ళాడి మేడమ్ సిడ్నీ ప్రాటెన్ అయింది. 1868లో భర్త పోయాడు. ఆవిడ పాఠాలు చెప్పుకుంటూ, నేర్చుకునేవాళ్ళకు సులువుగా ఉండేలా పుస్తకాలు వ్రాస్తూ 1895లో చనిపోయేదాకా జీవించింది. విక్టోరియా రాణి కూతురు లూయీస్ కూడా ఆవిడ శిష్యురాలే. ఆ రోజుల్లో ఆడవాళ్ళ చేతులకు గిటారు పెద్దదని ఎవరన్నా అనుంటే, వాళ్ళనే విడ్డూరంగా చూసేవారు.

సూదుల నంబర్లలాగా

ఇక ఈ చిన్న గిటారు ఎలా పెరిగిందో చూద్దాం. దానికి మార్టిన్ కుటుంబం కథ తెలియాలి.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ అనే ఊళ్ళో పుట్టాడు. వియన్నాలో స్టాఫర్ అనే పేరున్న గిటారు పనివాడి దగ్గర పని నేర్చాడు. తిరిగి సొంతూరు వచ్చేసరికి అక్కడ రెండు వృత్తులవాళ్ళ మధ్య తగాదా నడుస్తోంది. వయొలిన్లు చేసేవాళ్ళు "గిటార్లు మేమే చేయాలి, బీరువాలు చేసే వడ్రంగులకు ఆ హక్కు లేదు" అన్నారు. మార్టిన్ కుటుంబం వడ్రంగుల వైపుది. తగవులో చివరికి వడ్రంగులే గెలిచారు గానీ, మార్టిన్ మాత్రం 1833లో పెళ్ళాం బిడ్డలతో అమెరికా ఓడ ఎక్కేశాడు. న్యూయార్కులో షాపు పెట్టి, 1830ల చివర్లో పెన్సిల్వేనియాలోని నాజరెత్ అనే చిన్న ఊరికి మారాడు. ఆ కంపెనీ ఈనాటికీ అక్కడే ఉంది.

మార్టిన్ గిటార్లకు నంబర్లుండేవి. మన సూదులకున్నట్టే, నంబరు పెరిగినకొద్దీ గిటారు చిన్నదన్నమాట. 5వ నంబరు మరీ చిట్టిది. 2వ నంబరు వెడల్పు 12 అంగుళాలు. 1వ నంబరు ముప్పాతిక అంగుళం ఎక్కువ. అప్పట్లో పెద్దవాళ్ళు, మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా, వాయించినవి ఇవే. తర్వాత ఇంకాస్త పెద్దది కావాలన్నారు. 1కి ముందు ఏ నంబరు వెయ్యాలి? సున్నా వేశారు. దాని వెడల్పు 13న్నర అంగుళాలు. ఇంకా పెద్దది కావాలన్నారు. రెండు సున్నాలు వేశారు. 1902లో మూడు సున్నాలు వేశారు, 15 అంగుళాలు. ఒకప్పుడు ఒంటి సున్నా గిటారంటేనే కచేరీ గిటారు, అంటే అతి పెద్దదని లెక్క. ఇప్పుడు అదే గిటారును షాపులో చిన్నపిల్లల వాటి ప్రక్కన పెడుతున్నారు. ఇదీ నాకు నవ్వు తెప్పించిన సంగతి.

ఇంత పెంచడం ఎందుకంటే, చప్పుడు కోసం. గిటారు ముందుగది దాటి స్టేజీ ఎక్కింది. ప్రక్కన బ్యాంజోలు, మాండొలిన్లు గలగలమంటుంటే పేగు తీగల గిటారు ఎవరికి వినిపిస్తుంది? 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో హవాయి దీవులవాళ్ళ సంగీతం విన్నాక జనానికి ఉక్కు తీగల మోజు పట్టింది. 1922లో మార్టిన్ కంపెనీ ఉక్కు తీగలకే తగ్గట్టుగా ఒక గిటారు చేసి అమ్మకానికి పెట్టింది. అది 2వ నంబరు చిన్న గిటారే సుమండీ! కానీ ఉక్కు తీగలు ఎక్కువ బిగువుగా లాగుతాయి. ఆ లాగుడు తట్టుకోవాలంటే పెట్టె లోపల అంటించే కర్రబద్దలు బలంగా ఉండాలి. బరువైన పలక మోగాలంటే పెట్టె పెద్దదవ్వాలి. ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి.

మెడ పొడుగు కథ వేరు. అంతకుముందు సాధారణంగా 12వ మెట్టు దగ్గరే మెడ పెట్టెతో కలిసేది. 1929లో పెర్రీ బెక్టెల్ అనే బ్యాంజో విద్వాంసుడు, తనకు అలవాటైన పొడుగు మెడలాగా గిటారుకూ ఇంకొన్ని మెట్లు చేతికి అందేలా ఉండాలని అడిగాడు. ఆయన కోరిక మీద 14 మెట్ల దాకా మెడ బయటికి వచ్చింది. అందరికీ నచ్చింది. కొద్ది సంవత్సరాల్లో 12 మెట్ల గిటారు పాతకాలపుదైపోయింది.

అన్నిటికన్నా పెద్దదానికి పెట్టిన పేరు డ్రెడ్‌నాట్. 1906లో ఇంగ్లండు సముద్రంలోకి దింపిన భారీ యుద్ధనౌక పేరది. 1916లో డిట్సన్ అనే వర్తక సంస్థ కోసం మార్టిన్ కంపెనీ ఈ గిటారును మొదట చేసింది. 1931 నుంచి సొంత పేరుతో అమ్మింది. వెడల్పు 15న్నర అంగుళాల పైమాటే. లోతూ ఎక్కువే. దాన్ని చూసి మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఈనాడు షాపుకెళ్ళి ఉక్కు తీగల గిటారు అడిగితే ముందుగా చేతిలో పెట్టేది చాలావరకు ఇదే ఆకారం. మా పిల్ల ఒళ్ళో నెల్లాళ్ళు పెట్టుకుని కూర్చున్నది యుద్ధనౌకనన్నమాట!

స్పెయిన్‌లోనూ 19వ శతాబ్దంలో అంతోనియో దె టోరెస్ అనే గొప్ప పనివాడు గిటారు పెట్టెను పెంచి, తీగ పొడవు 65 సెంటీమీటర్లు చేశాడు. శాస్త్రీయ గిటారుకు నేటికీ అదే కొలత. అయితే ఈయన 1862లో ఒక చిత్రమైన గిటారు చేశాడు. పైపలక మాత్రం మంచి కలపతో చేసి, ప్రక్కలూ వెనకభాగమూ అట్టముక్కలతో కట్టాడు. నాదానికి ముఖ్యం పైపలకేనని చూపించడానికట. ఆ అట్టల గిటారు బార్సిలోనా మ్యూజియంలో ఉంది. అంటే పెట్టె పెద్దదైతేనే నాదం బాగుంటుందనుకోనక్కరలేదని పనితెలిసినవాళ్ళకు ముందే తెలుసు.

మైకు ముందు అరవక్కరలేదు

నాకు కోపం తెప్పించిన సంగతి ఇక్కడుంది. గిటారును చప్పుడు కోసం పెంచారు, సరే. కానీ 1925 నాటికే కరెంటు మైకుతో రికార్డులు చేయడం వచ్చింది. రేడియో వచ్చింది. లౌడ్‌స్పీకర్లు వచ్చాయి. నేను రేడియో స్టేషనుకి మొదటిసారి వెళ్ళినప్పుడు గొంతు పెంచి చదవబోతే, అక్కడివాళ్ళు నవ్వి "అమ్మా, మైకు ముందు అరవక్కరలేదు, ప్రక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడండి" అన్నారు. అప్పటినుంచీ నా చిన్న గొంతే మీ వంటింటి దాకా వస్తోంది. గిటారుకూ అదే న్యాయం వర్తించాలి కదా! అవసరం తీరిపోయినా కొలత మాత్రం అలాగే ఉండిపోయింది. ఎత్తుగా, పొడుగుచేతులతో ఉన్న స్టేజీ వాద్యకారుల కోసం పుట్టిన కొలత అందరికీ సరిపోవాల్సిన కొలతైపోయింది. సరిపోనివాళ్ళకి "నీ చేతిలోనే లోపముంది" అని చెప్పడం మొదలైంది.

చిన్న గిటారుతో పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అమెరికా గాయని జోన్ బయాజ్ ఎన్నో ఏళ్ళు వాయించింది మార్టిన్ కంపెనీ 1929లో చేసిన ఒంటి సున్నా గిటారే. 1998లో ఆ కంపెనీవాళ్ళు దానికి నకలుగా ఆమె పేరుతో గిటార్లు చేశారు.

కానీ నాకు బాగా నచ్చిన కథ ఎలిజబెత్ కాటెన్‌ది. వింటే మీకూ నచ్చుతుంది.

ఆమె 1893లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. పసితనంలోనే బడి మానేసి ఇళ్ళల్లో పనికి కుదిరింది. నెలకు ఒక డాలరుకు మించని జీతం. ఆ డబ్బు కూడబెట్టి పదకొండు పన్నెండేళ్ళ వయసులో 3 డాలర్ల 75 సెంట్లు పోసి గిటారు కొనుక్కుంది. ఆ రోజుల్లో పోస్టులో తెప్పించుకునే చవక గిటార్లు ఎక్కువగా ఈ ముందుగది రకానివే. అయితే ఆమెది ఎడమచేతి వాటం. ఎడమచేతివాళ్ళకు వేరే గిటారు ఎవరిస్తారు? తీగలు మార్చకుండానే గిటారును తలక్రిందులుగా తిప్పి పట్టుకుంది. అందరూ బొటనవేలితో మంద్రం వాయిస్తే, ఆమె వేళ్ళతో మంద్రమూ బొటనవేలితో పాటా వాయించింది. ఆ వయసులోనే తమ ఇంటి దగ్గర్లో పోయే గూడ్సు బండి మీద ఒక పాట కట్టుకుంది.

తర్వాత పెళ్ళయింది, బిడ్డ పుట్టింది. చర్చిలో పెద్దవాళ్ళు లౌకికమైన పాటలు తగవన్నారు. గిటారు మూలపడింది. అలా దశాబ్దాలు గడిచిపోయాయి. మనకు తెలియని కథా ఇది!

1940ల చివర్లో ఆమె వాషింగ్టన్‌లో ఒక పెద్ద బట్టల షాపులో పనిచేస్తుండగా ఒక చిన్నపిల్ల తప్పిపోయి ఏడుస్తూ కనిపించింది. ఎలిజబెత్ ఆ పాపను తల్లికి అప్పజెప్పింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, సంగీతకర్త. ఆ పరిచయంతో సీగర్ల ఇంట్లో వంటా ఇంటిపనీ చేయడానికి కుదిరింది. అది ఇంటిల్లిపాదీ సంగీతంలో మునిగితేలే ఇల్లు. గోడకు ఒక గిటారు వేలాడుతుండేది. పని మధ్యలో దాన్ని తీసి తలక్రిందులుగా పట్టుకుని మెల్లగా వాయిస్తుంటే, ఒకనాడు ఆ తప్పిపోయిన పిల్ల పెగ్గీయే చూసింది. వంటమనిషి చేతిలో ఇంత విద్య ఉందని అప్పుడు గాని ఆ ఇంట్లోవాళ్ళకు తెలియలేదు.

పెగ్గీ అన్న మైక్ ఆమె పాటలు రికార్డు చేశాడు. 1958లో మొదటి రికార్డు వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై అయిదేళ్ళు. చిన్ననాడు కట్టిన గూడ్సు బండి పాట అంతకుముందే ఇంగ్లండులో వేరేవాళ్ళ పేరుతో చెలామణి అయింది. తన పాట తనదేననిపించుకోవడానికి ఆమె పెద్ద వయసులో పోరాడవలసి వచ్చింది. 1985లో గ్రామీ బహుమతి అందుకునేనాటికి ఆమెకు 92 ఏళ్ళు. 1987లో చనిపోయింది. ఆమె చేతికి వాయిద్యం సరిపోకపోతే వాయిద్యాన్ని తిప్పుకుంది గానీ చేతిని తప్పు పట్టుకోలేదు.

టేపు పట్టుకుని షాపుకెళ్ళాను

ఇవన్నీ చదివాక బ్లౌజులు కొలిచే టేపు సంచిలో వేసుకుని, పిల్లను వెంటబెట్టుకుని మళ్ళీ షాపులకు బయల్దేరాను. మీ ఇంట్లోనూ ఎవరికైనా అవసరం కావచ్చు కాబట్టి, తెలుసుకున్నది చెప్తాను.

మెడ చివర తీగలు ఆనుకునే చిన్న గట్టు దగ్గర్నుంచి 12వ మెట్టు దాకా టేపుతో కొలవండి. దాన్ని రెట్టింపు చేస్తే మోగే తీగ పొడవు వస్తుంది. పెద్ద గిటారుకు ఇది 64న్నర సెంటీమీటర్లు ఉంటుంది. మేము వెతికింది 61 ఉన్నది. మూడున్నర సెంటీమీటర్లకే ఇంత హడావుడా అంటారేమో! బట్టలారేసే తీగ చూడండి, పొడుగైనకొద్దీ బిగించడానికి ఎక్కువ లాగాలి. గిటారు తీగా అంతే. ఒకే స్వరం పలకడానికి చిన్న తీగకు బిగువు తక్కువ చాలు. ఇక్కడ సుమారు పదో వంతు తగ్గుతుంది. వేళ్ళు నొక్కుకుపోవు. మెట్ల మధ్య దూరమూ తగ్గుతుంది. మొదటి నాలుగు మెట్ల మీద వేళ్ళు చాపాలంటే పెద్దదానిలో 13.3 సెంటీమీటర్లు, చిన్నదానిలో 12.6. తేడా 7 మిల్లీమీటర్లు. మన గాజుల్లో 2-4 సైజుకీ 2-6 సైజుకీ తేడా 3 మిల్లీమీటర్లే! ఆ 3 మిల్లీమీటర్లకే గాజు ఎక్కనని మొరాయిస్తుంది కదా. గాజులబ్బాయి మన చెయ్యి నొక్కి చూసి ఇంకో డజను తీస్తాడు గానీ, "మీ చెయ్యి బాగా లేదమ్మా, గాజులు మానెయ్యండి" అంటాడా?

తర్వాత పెట్టె. కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కుడిభుజం లేవకూడదు. మెడ 12వ మెట్టు దగ్గర పెట్టెతో కలిస్తే ఎడమచెయ్యి అంతదూరం చాపనక్కరలేదు. ఒక జాగ్రత్త. పెట్టె చిన్నదైతే మెడ కూడా సన్నగానే ఉంటుందనుకోకండి. పాత పద్ధతి చిన్న గిటార్లకు మెడ వెడల్పుగా ఉండటం కద్దు. అందుకని పట్టి చూడాల్సిందే. ఇంకొకటి, పాత గిటారు ఎక్కడైనా దొరికితే ఉక్కు తీగలు తగిలించేయకండి. పేగు తీగలకోసం చేసినవైతే ఆ లాగుడుకి పలక ఉబ్బిపోతుంది. వాటికి నైలాన్ తీగలే క్షేమం. ఇక ఉకులేలే అంటారా, అది ముద్దొచ్చే వాయిద్యమే. కానీ దానికి నాలుగే తీగలు, దాని బాణీ వేరు. గిటారు కావాలన్న పిల్లకు అది ఇవ్వడం వీణ అడిగితే తంబురా ఇచ్చినట్టే.

నాలుగో షాపులో, లోపలి గదిలో, దుమ్ముపట్టిన అట్టపెట్టెలో దొరికింది. టేపు తీసి కొలుస్తుంటే ఆ షాపాయన "గిటారుకి జాకెట్టు కుడతారా అమ్మా?" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ! మెట్లు లెక్కపెట్టాను, 12. కొలిచి రెట్టింపు చేశాను, 61. పిల్ల ఒళ్ళో పెట్టుకుంది. భుజం లేవలేదు. గిటారు మీదుగా మొహం కనిపించింది. ఆ మొహం చూసి ఎక్కువ బేరమాడలేకపోయాను, అది వేరే సంగతి. పెద్ద గిటారును మా వీధిలోని ఒక పొడగరి అబ్బాయి కొనుక్కున్నాడు. వాడికి సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు మా పిల్ల వాయించేస్తోందని గొప్పలు చెప్పను. తప్పులు వాయిస్తుంది, తిట్టుకుంటుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. అమృతాంజనం మాత్రం అడగడం మానేసింది.

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. వంటిల్లు సర్దుకుని వచ్చి ఆ గిటారు ఒళ్ళో పెట్టుకున్నాను. చివరి మెట్టు మీద వేలు పెట్టాను. అందింది. మా అమ్మ వీణ ఎవరింట్లో ఉందో, ఆ ఇంట్లో చిన్న చేతుల పిల్ల ఎవరైనా ఉందో లేదో!

సోదరీమణులారా, మీ ఇంట్లో పిల్ల ఏదైనా నేర్చుకుంటానని వచ్చి, చెయ్యి అందక వెనక్కి తగ్గితే, "నీ వల్ల కాదులే" అని మాత్రం అనకండి. ఒకసారి టేపు తీసి వాయిద్యాన్ని కొలిచి చూడండి.